తప్పు మాదేనండీ

లిఫ్టులు బాగుచేసే కంపెనీలో ఫిర్యాదుల ఫోను దగ్గర ఇరవై రెండేళ్లు కూర్చున్న మనిషికి నోటికి ఏ మాట అలవాటవుతుంది? ఆయనకి "తప్పు మాదేనండీ" అన్న మాట అలవాటయింది. ఫోను ఎత్తగానే ముందు అది, ఆ తరవాతే నమస్కారం. వీధిలో అందరూ ఆయన్ని లిఫ్టాయన అనేవారు. ఆయన తన చేత్తో ఒక్క లిఫ్టూ బాగుచెయ్యలేదన్న సంగతి ఎవరికీ పట్టలేదు.

ఇంతలో కంపెనీవాళ్లు యాప్ పెట్టారు. మీట నొక్కితే ఫిర్యాదు దానంతటదే నమోదవుతుంది. ఆ కబురు చెప్పడానికి పిలిచిన మేనేజరు పాపం నీళ్లు నములుతుంటే, "పర్లేదులెండి, తప్పు మాదే" అని లిఫ్టాయనే ఆయన్ని ఓదార్చి, తన కప్పూ స్వెట్టరూ సంచిలో వేసుకుని ఇంటికొచ్చేశాడు.

రెండు నెలలు గడిచాయి. ఫోను పోయింది గానీ మాట పోలేదు. పాలు పొంగినా, కరెంటు పోయినా, పక్కింటి కుక్క మొరిగినా తప్పు మాదేనండీ. ఇంట్లోనే బట్టలు కుట్టే భార్యకి విసుగెత్తిపోయింది.

"సూది విరిగింది నా చేతిలో. మీరెందుకండీ క్షమాపణలు చెబుతారు?"

"అలవాటే" అన్నాడాయన. అలవాటొక్కటే అయితే బాధ లేదు. ఆ మాట నిజమేనని ఆయన మనసులో పడిపోయింది. తను ఇంకాస్త చురుగ్గా ఉండుంటే యాప్ అవసరమే వచ్చేది కాదేమోనని ఒకటే దిగులు.

రెండు చోట్ల ఇంటర్వ్యూలకి పిలిచారు. మొదటి చోట, పాత ఉద్యోగం ఎందుకు పోయిందని అడిగారు. "తప్పు మాదేనండీ" అన్నాడు. అడిగిన ఇద్దరూ మొహమొహాలు చూసుకున్నారు. రెండో చోట, అరగంట ఆలస్యంగా వచ్చిన ఆఫీసరు "సారీ" అంటే, "అయ్యో, తప్పు మాదేనండీ" అన్నాడు. ఆ ఆఫీసరు నవ్వుతూ కాగితం మీద ఏదో రాసుకుంటే, పని అయిపోయిందనుకుని సంబరపడ్డాడు. పని నిజంగానే అయిపోయింది.

ఇక మూడోది. పెద్దాసుపత్రిలో విచారణ కౌంటరు ఉద్యోగం, ఇంటర్వ్యూ గురువారం. ఇదీ పోతే యాభై రెండేళ్లవాణ్ణి మళ్లీ పిలిచేవాళ్లుండరని ఆయన భయం. భార్య ఇక ఊరుకోలేదు. సోమవారం పొద్దున్నే ఆయన్ని మేనకోడలి దగ్గరికి తరిమింది. ఆ పిల్లది కెరీర్ కోచింగ్. ఉద్యోగం పోయినవాళ్లని కూర్చోబెట్టి, మళ్లీ నిలబెట్టడం ఆమె పని. జిరాక్సు షాపు మీద ఒక గది, రెండు కుర్చీలు, ఒక తెల్లబోర్డు, అంతే ఆఫీసు.

"కోచింగంటే పరీక్ష తప్పిన పిల్లలకి కదే?" అన్నాడు గుమ్మంలోంచే.

"నువ్వూ రెండు తప్పావుగా మామయ్యా. వచ్చి కూర్చో." కళ్లజోడు సర్దుకుని గొంతు మార్చింది. "నేను ఆస్పత్రి ఆఫీసర్ని. చెప్పండి, పాత ఉద్యోగం ఎందుకు పోయింది?"

"తప్పు మా..."

స్కేలుతో బల్ల మీద ఠాప్‌మని కొట్టింది. "ఆగు. ఆ 'మా'లో ఎవరెవరున్నారు?"

"ఎవరేంటే? నేనూ, మెకానిక్కులూ, మేనేజరూ..."

"వాళ్లు నిన్ను పంపించేసి రెండు నెలలైంది. ఇప్పుడు ఆ 'మా'లో నువ్వు లేవు మామయ్యా."

ఇరవై రెండేళ్లుగా నోట్లో నానుతున్న మాటలో తనకే చోటు లేదని ఆయనకి ఇంతవరకూ తట్టలేదు. కళ్లలో నీళ్లు తిరిగాయి. మేనకోడలు తొందరపడ్డానేమో అనుకుంటూ మంచినీళ్ల గ్లాసు ముందుకి జరిపింది.

"అయితే తప్పు నాదేనే" అన్నాడు మెల్లిగా.

"సరే, ఏం చేశావో చెప్పు. రాస్తా." లేచి బోర్డు మీద 'మామయ్య తప్పులు' అని రాసి, కింద గీత గీసి నిలబడింది.

ఆయన బుర్ర గోక్కున్నాడు. "ఒకసారి టీకని కిందికెళ్లా. నేనొచ్చేలోపు ఫోను మూడుసార్లు మోగి ఆగిపోయింది."

'టీ' అని రాసింది. "ఇంకా?"

ఆయన సీలింగు చూశాడు, కిటికీ చూశాడు. రెండో తప్పు ఎంతకీ దొరకలేదు.

"నువ్వు టీ తాగావని వాళ్లు యాప్ పెట్టారా? ఉరుము ఉరిమి మంగళం మీద పడ్డట్టు అంటారు. మంగళమే పరిగెత్తుకెళ్లి ఉరుము కింద నిలబడ్డం నీ దగ్గరే చూస్తున్నా!"

బోర్డు మీద ఒంటరిగా ఉన్న 'టీ'ని చూస్తే ఆయనకీ నవ్వాగలేదు. రెండు నెలల తరవాత అదే మొదటి నవ్వు.

"ఇప్పుడు చెప్పు. తప్పు మాదేనన్నాక, ఫోనులో ఇంకేమనేవాడివి?"

ఆయన నడుం నిటారుగా అయింది. గొంతు కూడా మారింది. "ఎన్నో అంతస్తండీ? లోపల ఎంతమంది? లైటు వెలుగుతోందా? తలుపు లాగకండి. గోడకి ఆనుకుని కూర్చోండి. మెకానిక్ వచ్చేదాకా నేను ఫోను పెట్టను." ఒక్క క్షణం ఆగి, మళ్లీ అందుకున్నాడు. "ఒకావిడైతే నలభై నిమిషాలు ఇరుక్కుపోయిందే. భయపడకుండా ఉంటుందని కోడళ్ల గురించి అడిగా. తీరా తలుపు తెరుచుకుంటే, 'ఆగండి నాయనా, మూడో కోడలి సంగతి మిగిలిపోయింది' అని మెకానిక్ మీద కేకలేసింది."

మేనకోడలు మార్కరు కింద పెట్టేసింది. "ఇది ఆ రెండు చోట్లా ఎందుకు చెప్పలేదు?"

"ఇదీ ఒక పనేనా? మాట్లాడ్డమేగా."

"నోరు మంచిదైతే ఊరు మంచిదన్నారు. నీ పనిముట్టు ఆ నోరే మామయ్యా. అది పెట్టుకుని ఊళ్లోవాళ్ల తప్పులన్నీ మోస్తున్నావ్." బోర్డు తుడిచేసి 'ఫోను పెట్టను' అని పెద్దక్షరాలతో రాసింది. "గురువారం దాకా తప్పు మాదే అనకూడదు. ఏం జరిగిందో అది చెప్పు, నీకేం వచ్చో అది చెప్పు. నోరు జారితే శిక్ష ఏంటో అత్తయ్యనే వెయ్యమంటా."

అత్తయ్య వేసిన శిక్ష, జారినప్పుడల్లా ఒక సూదికి దారం ఎక్కించడం. బుధవారం సాయంత్రానికి ఇంట్లో సూదులన్నిటికీ దారాలు ఎక్కేశాయి. అయితే చివరి మూడు గంటల్లో ఒక్క సూదికే ఎక్కిందని భార్య మేనకోడలికి ఫోను చేసి మరీ చెప్పింది.

గురువారం ఆస్పత్రి ఆఫీసరమ్మ కళ్లజోడు నుదుటి మీదికి తోసుకుని, ఆ ప్రశ్నే అడిగింది. "పాత ఉద్యోగం ఎందుకు పోయిందండీ?"

"త..." అన్నాడు. బల్ల కింద ఆయన వేళ్లు గాల్లోనే సూదికి దారం ఎక్కించసాగాయి. "త... తరం మారిందండీ. ఫిర్యాదులు రాసుకునే పని యాప్‌కి ఇచ్చారు. అది రాసుకుంటుంది. ఇరుక్కున్న మనిషి భయపడకుండా మాట్లాడ్డం నాకు వచ్చు."

"ఇక్కడికొచ్చేవాళ్లు లిఫ్టులో ఇరుక్కునేవాళ్లు కాదు కదా?"

"ఇరుక్కునే వస్తారు కదండీ. లిఫ్టులో కాదు, అంతే."

ఆవిడ కళ్లజోడు కిందికి దించి ఆయన్ని సరిగ్గా చూసింది. ఆ తరవాత అరగంట మాట్లాడించింది. చివర్న, "ఇంతకీ ఆ మూడో కోడలి సంగతేంటండీ?" అని కూడా అడిగింది.

ఆ పై సోమవారం ఆయన కౌంటరులో చేరాడు. పదిన్నరకి ఒక పెద్దాయన చేతికర్ర ఊపుకుంటూ వచ్చిపడ్డాడు. గోడ మీద బాణం గుర్తు తప్పుగా ఉందట, మోకాళ్ల నొప్పితో రెండు అంతస్తులు ఊరికే ఎక్కి దిగాడట.

లిఫ్టాయన నోరు తెరిచి, ఠక్కున మూసుకున్నాడు. మెడలో కొత్త కార్డు చూసుకున్నాడు. పక్క కుర్చీలో టోకెన్లిచ్చే అమ్మాయి ఏమంటాడా అని చూస్తోంది. ఆయన లేచి నిలబడ్డాడు.

"తప్పు మాదేనండీ" అన్నాడు నోరారా. "ముందు కూర్చోండి. ఏ డాక్టరు దగ్గరికి? నేను దగ్గరుండి తీసుకెళ్తా."

మధ్యాహ్నం మేనకోడలికి ఫోను చేశాడు. "అనేశానే."

అవతల బల్ల మీద ఠాప్‌మంది. "ఆ 'మా'లో ఎవరెవరున్నారు మామయ్యా?"

"టోకెన్ల అమ్మాయీ, గేటు దగ్గర వాచ్‌మనూ, బాణం గుర్తు వేసిన పెయింటరూ, ఆఫీసరమ్మా..." లెక్కపెడుతూ పోయాడు. చివర్న చెప్పాడు.

"నేనూ."