కాగితం ఉన్నవాళ్ళ గదులు

ముందుగా పరుపు వచ్చి వీధిలో పడింది. తర్వాత కుక్కరు, రెండు కంచాలు, గోడ అద్దం. షిఫ్టు దిగి వస్తున్న లాండ్రీ కార్మికులు క్వార్టర్ల ముందు ఎక్కడివాళ్ళక్కడ నిలబడిపోయారు.

"ఆ పెట్టెలో మందులున్నాయయ్యా, మెల్లగా పెట్టు!" అని అరుస్తోంది పిచ్చుక. మనిషి పిడికెడు, నోరు ఊరంత. అందుకే ఆ పేరు. ఇద్దరు వాచ్‌మన్లు ఆమె మాట చెవిన పెట్టలేదు. సామానంతా బయటపడ్డాక మేనేజరు స్వయంగా తాళం వేశాడు.

"ఈ గది బాయిలరమ్మ పేరు మీదుంది. ఆవిడ ఆసుపత్రిలో ఉంది. ఇది కుటుంబాలకిచ్చే క్వార్టరు. నువ్వు ఆవిడకి ఏమవుతావు?"

"అన్నీ అవుతాను. ఆరేళ్ళ నించి ఇక్కడే ఉంటున్నాను, మీకు తెలీదా?"

"పెళ్ళి కాగితం చూపించు, తాళం తీస్తాను."

"ఇవ్వమంటే మీ చట్టం ఇవ్వట్లేదు కదా సార్!"

మేనేజరు నవ్వాడు. అతనితో పాటు మరో నలుగురు నవ్వారు.

రూలు మొదటినించీ ఉన్నదే, ఇన్నాళ్ళూ దాని జోలికి ఎవరూ పోలేదు. బాయిలరు వాల్వు పాడైందని, దాన్ని నడిపే బాయిలరమ్మ మేనేజరుకి చెప్పి చెప్పి విసిగిపోయి, ఊరుకోక భద్రతా ఇన్‌స్పెక్టరుకి చెప్పేసింది. కొద్దిరోజులకే ఆ వాల్వు ఊడి, ఆవిరి తన్ని ఆమె కుడిచెయ్యి భుజం దాకా ఉడికిపోయింది. రూలు అప్పుడు గుర్తొచ్చింది వాళ్ళకి. ఇదంతా అక్కడ నిలబడ్డ ప్రతి ఒక్కరికీ తెలుసు.

దుప్పట్లక్కకీ తెలుసు. కానీ వీధిలో పడ్డ ఆ పరుపును చూస్తే ఆమెకు జాలి కలగలేదు. తిక్క కుదిరిందిలే అనిపించింది.

ఆసుపత్రుల దుప్పట్లు మడిచే పని ఆమెది. పెద్ద దుప్పటి మడవాలంటే ఇద్దరుండాలి. చెరో రెండు కొసలు పట్టుకుని విదిలించి, ఎదురెదురుగా నడిచి వచ్చి కొసలు కలిపి, మళ్ళీ వెనక్కి నడవాలి. ఏళ్ళ తరబడి అవతలి కొసలు పట్టుకున్నది పిచ్చుకే. దగ్గరకొచ్చిన ప్రతిసారీ చెవిలో ఏదో ఒక చిలిపి మాట వేసి పోయేది. పొద్దు ఎలా గూకిందో తెలిసేది కాదు. ఆ తర్వాత పిచ్చుక మధ్యాహ్నం అన్నం గిన్నె పట్టుకుని బాయిలరు గదికి వెళ్ళడం మొదలుపెట్టింది. చివరికి పని కూడా అటువైపు మార్పించుకుంది. ఇప్పుడు అవతలి కొసలు పట్టేది ఉలుకూ పలుకూ లేని ఒకావిడ.

పోనీ కంటికి దూరమయ్యారా అంటే అదీ లేదు. పక్కగదే. గోడ అవతల నించి నవ్వులు వినిపించేవి. రోజంతా ఆవిరి మింగి వచ్చినవాళ్ళకు అంత నవ్వడానికేముంటుందో! గోడ ఇవతల ఆమె మొగుడు, కంపెనీ వ్యాను డ్రైవరు, కంచం ముందు కూర్చుని "ఉప్పు" అనేవాడు. ఒక్కోరోజు "నీళ్ళు" కూడా అనేవాడు. తిన్నావా అని అడిగిన పాపాన పోలేదు. బాయిలరమ్మని వదినా అనాలా బావా అనాలా అని లైన్లో ఎవరైనా జోకు వేస్తే, అందరికంటే గట్టిగా నవ్వేది దుప్పట్లక్కే.

ఆ సంగతి మేనేజరు కనిపెట్టాడు. మర్నాడు ఆమెను పిలిపించాడు.

"చూడమ్మా, నువ్వు సంసారివి. రేపు యూనియన్ మీటింగులో లేచి, పక్కనే ఇలాంటిది ఉంటే ఇబ్బందిగా ఉందని చెప్పు. అబద్ధం ఆడమనట్లేదు కదా. ఆ గది రెండు వైపులా కిటికీలున్న గది. ఎవరో ఒకరికి ఇవ్వాల్సిందేగా."

"అలాగే సార్" అంది. ఆ గదిలో మంచం ఎటువైపు వేసుకోవాలో దారిలోనే ఆలోచించేసుకుంది.

మర్నాడు మీటింగుకి క్యాంటీన్ నిండిపోయింది. చోటు చాలక కిటికీల్లోంచి తలలు లోపలికి పెట్టి వింటున్నారు. యూనియన్ సెక్రటరీ బల్ల మీద చరిచాడు.

"వాల్వు మీద సమ్మె చేద్దాం. దాంట్లో రెండో మాట లేదు. ఈ పెళ్ళి గొడవ మాత్రం నెత్తికెత్తుకోవద్దు. ఎత్తుకున్నామంటే సగం మంది ఇప్పుడే లేచిపోతారు."

"లేచిపోయేవాళ్ళలో నేనే ముందుంటా" అన్నాడు ఇస్త్రీ తాత. రోలర్ల దగ్గర ముసలాడైన మనిషి. "పెళ్ళంటే ఆడా మగా. నా తల తీసి మొలేసినా నా మాట ఇదే."

యూనియన్ ఆఫీసుకి వచ్చిపోయే కాలేజీ అమ్మాయి లేచింది. "ఎవరెవరితో బతకాలో మీరు తేలిస్తే ఎలా తాతా? ఇద్దరూ మేజర్లు, ఇద్దరికీ ఇష్టం. చట్టం ఒప్పుకోకపోతే చట్టాన్నే మార్చాలి."

"ఉంటే ఉండనీ, ఎవరొద్దన్నారు?" అంది ఆరబెట్టే సెక్షన్ పిన్ని. "దానికి పెళ్ళనే పేరెందుకే తల్లీ?"

"పేరు లేకే కదా పిన్నీ, నా పరుపు వీధిలో పడింది!" పిచ్చుక లేచి నిలబడింది. "బాయిలరమ్మకి పెళ్ళంటేనే పడదు. అదో గొలుసు, మనకెందుకే అంటుంది. దాని మీద మాకు రోజూ తగువే. కానీ నాకు కావాలి. మొన్న వార్డు బయట నర్సు అడిగింది, నువ్వామెకేమవుతావని. చెప్పడానికి నోట మాట లేదు నాకు. నాకు, మాటల పుట్టకి!"

నవ్వబోయిన వాళ్ళు సగంలో ఆగిపోయారు. అప్పుడే దుప్పట్లక్క లేచి నిలబడింది.

"పక్కగది మనిషిని. నాకు ఇబ్బందిగా ఉంది."

పిచ్చుక ఆమె వైపు తిరిగింది. "ఏం ఇబ్బంది అక్కా? నిన్నెప్పుడైనా ఒక్క మాటన్నామా? అందరి ముందూ చెప్పు, పడతాను."

చెప్పాల్సిన మాటలు దుప్పట్లక్క దగ్గర సిద్ధంగానే ఉన్నాయి. పరువు, పిల్లలు, పద్ధతి. నోరు తెరిస్తే అవి రాలేదు.

"మీరు నవ్వుతారు" అంది.

క్యాంటీన్ అంతా చెవులు రిక్కించింది.

"గోడ అవతల మీరు నవ్వుతుంటే నా ఒళ్ళు మండిపోతుంది. కుళ్ళు. అంతే. పద్ధతీ లేదు, పాడూ లేదు. నా కొసలు వదిలేసి వెళ్ళిపోయావు కదే నువ్వు! పోయి అంత సుఖంగా ఉంటావా? నా మొగుడు ఇక్కడే ఉన్నాడు, వింటే విననీ. జ్వరంతో పడుంటే వంట ఎప్పుడవుద్దని అడిగాడు నన్ను. మీకంటే నాకు ఎక్కువున్నది ఒక్కటే, పెళ్ళి కాగితం. అదీ మీకిచ్చేస్తే ఇంక నాకేం మిగులుద్ది?" ఊపిరి పీల్చుకుంది. "మేనేజరుకీ సంగతి తెలుసు. మీ గది నాకిస్తానన్నాడు. నేను సరేనన్నాను."

పిన్ని బుగ్గన చెయ్యి పెట్టుకుంది. వెనక నించి ఒకతను, "మా బావమరిదికీ అదే గది ఇస్తానన్నాడే!" అన్నాడు. "మాక్కూడా!" అని మరో మూల నించి ఇంకెవరో. ఒక్క గది చూపించి ఎంతమందికి ఆశపెట్టాడో బయటపడేసరికి క్యాంటీన్ తేనెతుట్టెలా కదిలింది.

సెక్రటరీ బల్ల ముందుకొచ్చాడు. "తప్పు నాదే" అన్నాడు. "వాల్వు వేరు, గది వేరు అనుకున్నాను. వాడికి రెండూ ఒకటే. నోరెత్తిన మనిషిని తన్నడానికి ఎక్కడ సందు దొరికితే అక్కడే తన్నాడు. ఆ సందు తెరిచి ఉంచింది మనమే."

"పెళ్ళి మాట నేనొప్పుకోను" అని ఇస్త్రీ తాత మళ్ళీ అన్నాడు. ఆ పూట ఎవరూ ఆయన్ని ఒప్పించలేకపోయారు. కానీ వాల్వు, గది రెండూ తేలేదాకా బాయిలరు వెలిగించకూడదన్నప్పుడు ఆయన చెయ్యీ లేచింది.

బాయిలరమ్మ కట్టుతో ఆసుపత్రి నించి వచ్చేనాటికి లాండ్రీ పొగగొట్టం చల్లబడి ఉంది. ఆమె వెంట జనమంతా తాళం వేసిన ఆ గదికి నడిచారు. మేనేజరు ఈసారి పోలీసుల్ని వెంటబెట్టుకుని వచ్చాడు.

"నీ గదిలోకి నువ్వెళ్ళు. ఆవిడ మాత్రం బయటే. కుటుంబం కాదు."

బాయిలరమ్మ గొంతు పెంచే మనిషి కాదు. "కాగితం నేనెప్పుడూ అడగలేదు సార్. ఇప్పుడడుగుతున్నా. మీరు దాన్ని అడ్డం పెట్టుకున్నారు కాబట్టే అడుగుతున్నా."

"కాగితం ఉన్నవాళ్ళకే గది!" అని అరిచాడతను.

జనంలోంచి దుప్పట్లక్క ముందుకు వచ్చింది. కొంగుముడి విప్పి, తన గది తాళంచెవి అతని బూట్ల దగ్గర పడేసింది.

"అయితే నాదీ తీసుకో. కాగితం చూసి ఇచ్చిన గది నాకొద్దు."

"ఏయ్, పిచ్చా నీకు? ఎక్కడ పడుకుంటాం?" అని మొగుడు చెయ్యి పట్టుకున్నాడు. ఎన్నేళ్ళకో అతను అన్ని మాటలు ఒకేసారి మాట్లాడాడు. ఆమె చెయ్యి విదిలించుకుంది.

పిన్ని తాళంచెవి పడింది. సెక్రటరీది పడింది. తిట్టుకుంటూ వేసినవాళ్ళున్నారు, ఏడుస్తూ వేసినవాళ్ళున్నారు, వెయ్యకుండా లోపలికెళ్ళి తలుపేసుకున్నవాళ్ళూ ఉన్నారు. కాసేపటికి వీధంతా పరుపులూ పొయ్యిలూ పిల్లలూ. కాగితాలున్న సంసారాలన్నీ వీధిలో కూర్చున్నాయి.

గొడవకి మూలం వీళ్ళేనని మేనేజరు వేలు చూపించగానే పోలీసులు పిచ్చుకనీ బాయిలరమ్మనీ వ్యానెక్కించారు. దుప్పట్లక్క కూడా మెట్టు మీద కాలు పెట్టింది.

"నువ్వేమవుతావే వాళ్ళకి?" అని గద్దించాడు కానిస్టేబులు.

"ఏమీ కాను. జరుగు."

లోపల పిచ్చుక, కట్టు కట్టిన భుజానికి తగలకుండా, బాయిలరమ్మకు ఆనుకుని కూర్చుంది. బాయిలరమ్మ ఎడంచేత్తో ఆమె చెమట తుడిచింది. అది చూసి దుప్పట్లక్కకు ఎప్పటి కుళ్ళే మళ్ళీ భగ్గుమంది. తల తిప్పేసుకుని, కిటికీ ఊచలు పట్టుకుని, బయటి జనంతో గొంతు కలిపి అరిచింది.

ఇంజను గర్రుమంది గానీ వ్యాను కదల్లేదు. చక్రాల ముందు ఇస్త్రీ తాత మూట దింపుకుని, బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. ఆయన పక్కన ఒకరు, ఆ పక్కన ఇంకొకరు కూర్చుంటున్నారు.

"లే ముసలోడా! నువ్వు పెళ్ళి వద్దన్నవాడివే కదా?" అన్నాడు మేనేజరు.

"ఇప్పుడూ అదే అంటున్నా. వాళ్ళతో ఆ తగువు నాకుంది. మా తగువు మేం తేల్చుకుంటాం" అన్నాడు తాత. "ముందు మా పిల్లల్ని దించు."