గొడుగుగుండు కొండ

ఆపరేషన్‌కి సోమవారం కర్నూలు వెళ్లాలి. ఆదివారం పొద్దున్నే నవ్య తల్లి వనజనూ తండ్రి నాగేష్‌నూ హాలహర్వి బస్సెక్కించింది.

"ఇంట్లో కూచుంటే వచ్చేపోయేవాళ్ల పరామర్శలతోనే పొద్దుపోతాది. కొండకు పోదాం నాయినా, జింకలు కనిపిస్తాయంట," అని ఆ పిల్ల రెండు మూడు రోజులుగా పోరుతోంది. డిగ్రీలో జంతుశాస్త్రం చదువుతోంది. స్నేహితురాలి దగ్గర బైనాక్యులర్ కూడా అడిగి తెచ్చుకుంది. వనజకు మాత్రం ఈ ప్రయాణం మనసుకు ఎక్కలేదు. ఆసుపత్రికి సర్దాల్సిన సంచి సగంలో ఉంది. కానీ నాగేష్ తలూపేశాడు, ఇక ఆమె సంచి పక్కనబెట్టి సద్ది కట్టింది.

నాగేష్ ఆదోని కూరగాయల మార్కెట్లో వేలం పాడేవాడు. వంకాయ గంపల మధ్య నిలబడి అతను ధర పాడితే, బయట రోడ్డు మీద టీ తాగేవాళ్లకు కూడా వినపడేది. ఉగాది వెళ్లాక ఆ గొంతు బొంగురుపోయింది. జలుబనుకున్నారు. మిరియాల పాలు తాగాడు, కషాయాలు మింగాడు. చివరికి కర్నూలు డాక్టరు లోపల గడ్డ ఉందని తేల్చాడు. మాట పుట్టే చోటును మొత్తంగా తీసేయాలి, ఆ తర్వాత మెడకు పెట్టిన రంధ్రంలోంచే ఊపిరి. "ప్రాణం దక్కుతుందమ్మా. మాట దక్కదు," అన్నాడు వనజతో.

ఆ రోజు నుంచి నాగేష్ మాట్లాడటం బాగా తగ్గించాడు. మిగిలిన మాటను దాచుకుంటున్నాడా, లేక మాట లేకుండా బతకడం ఇప్పటినుంచే అలవాటు చేసుకుంటున్నాడా అన్నది ఆమెకు అంతుపట్టలేదు. అడిగే ధైర్యమూ చాలలేదు.

బస్సు దిగి పత్తి చేల మధ్యగా నడిచారు. కాయలు అప్పుడప్పుడే పగులుతున్నాయి. చేల చివర గొడుగుగుండు కొండ. పేరుకి కొండే గానీ ఎక్కడం కష్టం కాదు. గొర్రెలు తిరిగి తిరిగి వేసిన దారి చుట్టూ తిరుగుతూ పైకి పోతుంది. వానలు వెనకబట్టి గడ్డి పసుపుబారింది. ఒక బండ మీద కొండముచ్చులు బారుగా కూచుని, వీళ్లను చూసి తోకలు కిందికి వదిలి మళ్లీ తమ పనిలో పడ్డాయి. ఎక్కడో నెమలి అరిచింది. నవ్య ఇద్దరినీ ఆపి, నోటి మీద వేలు పెట్టింది.

"మాట్లాడితే ఏవీ కనపడవు. గమ్మునుండల్ల."

"నాకు సెప్తాండావా పాపా?" అన్నాడు నాగేష్ గరగరమంటూ. నవ్వుతూనే అన్నాడు. నవ్య మొహం పక్కకు తిప్పుకుంది.

పైన, గొడుగులా వంగిన పెద్ద గుండు నీడలో కూచున్నారు. అక్కడినుంచి కింద బీడు మొత్తం కనిపిస్తుంది. కాసేపటికి నవ్య వేలు చూపిన వైపు గడ్డిలో కదలిక. మొదట లేళ్లు, గోధుమరంగువి, తలలు దించి మేస్తూ వచ్చాయి. వాటి వెనక, ఒంటరిగా, నల్లటి వీపూ తెల్లటి పొట్టా ఉన్న మగజింక. మెలి తిరిగిన కొమ్ములు వీపు మీదికి వాల్చి అది నిలబడిన తీరు చూసి వనజ అన్నీ మర్చిపోయింది. నాగేష్ బైనాక్యులర్ కళ్లకు పెట్టుకుని చాలాసేపు దించలేదు. మేఘం నీడ ఒకటి బీడు మీదుగా జరిగి వెళ్లింది. చిన్న పిల్లజింక ఒకటి ఉత్తపుణ్యానికి ఎగిరెగిరి గంతులేసింది.

"బలే ఉంది," అన్నాడు నెమ్మదిగా.

తర్వాత సద్ది విప్పారు. తల్లీకూతుళ్లకు బొరుగుల ఉగ్గాని, మింగలేని అతనికి పలచగా కలిపిన మజ్జిగన్నం. అతను తిని గ్లాసు కడిగేదాకా ఆగి, నవ్య ఫోన్ తీసింది.

"నాయినా, ఒక్కసారి వేలం పాడవా? ఎట్లొస్తే అట్ల. పట్టి పెట్టుకుంటా."

నాగేష్ మొహం మారిపోయింది. "వద్దు."

"రేపట్నుంచి యాడ వింటాం నాయినా..."

"వద్దంటి గదా! సచ్చినోని పటానికి దండేసినట్ల, ఆ గొంతును ఫోన్లో పెట్టుకుని ఏం సేసుకుంటారు మీరు?"

నవ్య ఫోన్ లోపల పెట్టేసి, మోకాళ్ల మధ్య తల దాచుకుంది. వనజకు కోపం, ఏడుపు కలిసి వచ్చాయి. ఎవరి మీదో ఆమెకే తెలీలేదు. పిల్ల అడగకుండా ఉండాల్సింది, అతను అట్లా అనకుండా ఉండాల్సింది. ఏదో ఒక పని కావాలనిపించి లేచి, కాస్త దిగువన సీతాఫలం చెట్టుంటే అటు నడిచింది. కన్ను విచ్చిన కాయ ఒకటి బండ పక్కన వాలిన కొమ్మకు ఉంది. కళ్లు తుడుచుకుని వంగి చెయ్యి చాపింది.

"వనజా!"

కొండంతా దద్దరిల్లింది. చాపిన చెయ్యి చాపినట్టే ఆగిపోయింది. "కదలాకు! యెనక్కి రా, మెల్లగా!"

అప్పుడు చూసిందామె. కాయకు జానెడు దూరంలో, ఎండుటాకుల్లో, ఎండుటాకుల రంగులోనే చుట్టుకుని ఉంది రక్తపింజరి. తల ఎత్తి ఉంది. వనజ చెయ్యి లాక్కుని ఒక్కో అడుగే వెనక్కి వేసింది. అది బుస్సుమని, తొందర లేకుండా బండ సందులోకి పాకిపోయింది.

ఆమె తిరిగి చూసేసరికి నాగేష్ బండ పట్టుకుని వంగిపోయి దగ్గుతున్నాడు. తువ్వాలు మీద నెత్తురు. నవ్య నీళ్లు పట్టింది. వనజ పరుగున వచ్చి అతని వీపు నిమిరింది. కింద బీడులో ఒక్క జింకా లేదు.

దగ్గు తగ్గాక అతను ఆమె చెయ్యి తీసుకుని ఇటూ అటూ తిప్పి చూశాడు. "తగల్లేదు గదా?"

"లేదప్పా." తువ్వాలు మడుస్తూ అంది, "పేరు పెట్టి పిలిస్తివే."

పెళ్లయిన కొత్తలో ఇంటినిండా పెద్దవాళ్లు. సిగ్గుపడి 'ఏమే' అనేవాడు. నవ్య పుట్టాక 'పాప వాళ్లమ్మా' అయింది. పెద్దవాళ్లంతా పోయినా ఆ పిలుపే నిలిచిపోయింది. అతని నోట తన పేరు ఎట్లుంటుందో ఆమెకు ఇంతవరకూ తెలీదు.

"నాకూ తెలీకుండానే వచ్చె," అన్నాడు నాగేష్. గొంతు ఇప్పుడు గాలిలా ఉంది. "వనజా," అన్నాడు మళ్లీ, ఈసారి తెలిసే. ఆమె ఏడ్చింది. ఇన్నాళ్లూ ఇంట్లో ఎవరూ చూడకుండా మింగుకున్నదంతా ఏడ్చింది. అతను ఆపమనలేదు.

దిగేటప్పుడు దారంతా అతనే మాట్లాడాడు. "సిన్నప్పుడు మా నాయిన నన్ను బాయి గట్టున నిలబెట్టి, అవతల పొలంలో వాళ్లు తలెత్తి చూసేదాకా అరిపిస్తాండె," అని మొదలుపెట్టి, మార్కెట్ కబుర్లు, వాళ్లమ్మ తిట్లు అన్నీ చెప్పాడు. ఆగి ఊపిరి తీసుకుని, మళ్లీ చెప్పాడు. ఇందాక తిట్టినందుకు నవ్య తల మీద చెయ్యి వేశాడు. నవ్య ఫోన్ తియ్యలేదు. ఒక్క మాట కూడా జారనివ్వకుండా తండ్రి పక్కనే నడిచింది.

ఆపరేషన్ చాలాసేపు సాగింది. గడ్డ మొత్తం వచ్చేసిందన్నారు. మెడకు గొట్టంతో పడుకున్న మనిషిని చూసి వనజ మొదటి రెండు రోజులు అన్నం ముట్టలేదు. తర్వాత గొట్టం శుభ్రం చేయడం నేర్చుకుంది. దీపావళి నాటికి ఇంటికి తెచ్చుకున్నారు.

ఇప్పుడు ఏదైనా కావాలంటే నాగేష్ చప్పట్లు కొడతాడు. వంటింట్లోంచి వనజ, "వస్తాండా ఉండప్పా," అని కేకేస్తుంది. ఈ మధ్య ఆమె గొంతు వీధి చివరి దాకా వినపడుతోందని పక్కింటి గంగమ్మ అంటోంది.