ఎడమ పక్క, వెనక చక్రం

ఉగ్గాని కోసం బొరుగులు నీళ్ళలో తడిపి పిండుతున్న నాగలత చేతులు ఒక్క మాటకు ఆగిపోయాయి. వంటింటి కిటికీకి అవతలే బండి నిలిపి ఉంది. దాని బానెట్ మీద చెయ్యి వేసి, పెళ్ళిచూపుల్లో ఆడపిల్ల తరఫు పెద్దమనిషిలా రామకృష్ణ చెబుతున్నాడు.

"హ్యాండ్‌బ్రేకు గురించి నువ్వు ఆలోచనే పెట్టుకోవద్దప్పా. గనికాడ వాలుల్లో తిప్పిన బండి ఇది. పందొమ్మిదేండ్లలో ఒక్కసారన్నా ఎనక్కి జారింది ల్యా."

అందులో అబద్ధం ముక్క లేదు. నాగలతకు అదే ఎక్కువ కష్టంగా ఉంది. జారలేదు, నిజమే. ఎందుకు జారలేదో చెప్పాల్సిన చోట మొగుడు మీసం దువ్వుకుని ఊరుకున్నాడు. ఆ రహస్యం కిటికీకి ఇవతల బొరుగులు పిండుతోంది.

బండి చూడటానికి జమ్మలమడుగు నుంచి కొత్త జంట వచ్చింది. భూపేష్, శివాని. గండికోటలో లోయ చూడవచ్చినవాళ్ళకు గుడారాలు వేసి అద్దెకిస్తారట. రాళ్ళ దారుల్లో జనాన్ని తిప్పడానికి నాలుగు చక్రాలూ లాగే బండి కావాలి, కొత్తది కొనే తాహతు లేదు. "వ్యాపారం నాదే, ఈమె ఖాళీగా ఉంటే పొద్దుపోదని సాయం చేస్తాంటాది" అన్నాడు భూపేష్ పరిచయం చేస్తూ. ఆ సాయం ఏమిటని నాగలత అడిగితే, రోజూ ఇరవైమందికి వంట అని చెప్పింది శివాని. ఆ మాట చెప్పేటప్పుడు కూడా నవ్వుతూనే ఉంది. ఇరవై ఐదేళ్ళు ఉంటాయేమో. గోళ్ళకు కొత్తగా రంగు వేసుకుంది.

పోపులో పచ్చిమిరపకాయలు వేస్తూ నాగలత బండి వచ్చిన రోజు తలుచుకుంది. కడపలో ఒక కాంట్రాక్టరు వాడి వదిలేసింది. అప్పటికే పాతది. జీపు అందామంటే తలుపులూ అద్దాలూ ఉన్నాయి, కారు అందామంటే ఎక్కడానికి పిల్లలను ఎత్తి కూర్చోబెట్టాలి. ముదురాకుపచ్చ రంగు. బేతంచెర్ల వీధిలోకి అది గుర్రుమంటూ వచ్చినప్పుడు నాగలత వాకిట్లో హారతి పళ్ళెంతో నిలబడి, నిజంగా మురిసిపోయింది. నాపరాయి గనికి పోవడానికి కొన్నారు. గని కూలీలకు అన్నం వండి తీసుకుపోయేది తనే కాబట్టి బండిలో తనకూ ఒక చోటు ఉంటుంది. ముందు సీటు మాత్రం కాదు. ముందు సీటు అత్తగారు కృష్ణవేణమ్మది. ఆమె రాని రోజు ఆమె చేతిసంచీది.

మూడో నెలలో హ్యాండ్‌బ్రేకు కేబులు తెగిపోయింది. బస్టాండు వెనక షెడ్డులో ఖాసిం వలి బండి కింద దూరి చూసి, ఇది పాత మోడలు, కేబులు హైదరాబాదు నుంచి రావాలి, పది దినాలు బండి ఇక్కడే పెట్టండి, ఉత్త గేరు మీద ఆపితే గని వాలులో ఆగదు అన్నాడు. రామకృష్ణ పక్కనే నిలబడిన నాగలత వైపు చూసి, "పది దినాలు గని ఎవురు చూస్తారు? మా ఆడమనిషి ఉండాది గదా ఖాసిం, ఇంక బ్రేకేంటికి?" అన్నాడు. షెడ్డులో ఉన్నవాళ్ళంతా నవ్వారు. అందరికంటే గట్టిగా నవ్వింది నాగలతే. అప్పుడు ఆమెకు ఇరవై తొమ్మిదేళ్ళు. నలుగురిలో మొగుడు తన ఊసెత్తాడని సంబరం. ఖాసిం వలి ఒక్కడే నవ్వలేదు. "జాగ్రత్తమ్మా, వేళ్ళు భద్రం" అన్నాడు.

బ్రేకుకు బదులు చక్రం కింద పెట్టే రాయి గనిలోదే. నాపరాయి పగిలిన ముక్క, ఒకవైపు లావు, ఒకవైపు సన్నం, కొలిచి చేసినట్టు ఉంటుంది. దాని చోటు వెనక సీటు ముందర, నాగలత కాళ్ళ దగ్గర. బండి వాలు మీద ఆగాల్సి వస్తే చాలు, రామకృష్ణ బ్రేకు తొక్కిపట్టి "నాగా, రాయి!" అనేవాడు. ఆమె కొంగు దోపుకుని దిగి, ఎడమ పక్క వెనక చక్రం కింద సన్న అంచు లోపలికి పెట్టి, మడమతో ఒక్క తన్ను తన్ని "పడింది!" అని కేక వేసేది. అప్పుడు ఆయన బ్రేకు వదిలేవాడు. ఆ కేక మొదట్లో లేదు. గండికోట పోయే దారిలో ఒకసారి ఆమె చెయ్యి తీయకముందే ఆయన కాలు తీసేశాడు. ఉంగరపు వేలి గోరు ఆ రోజు పోయింది, తర్వాత వంకరగా మొలిచింది. "చెయ్యి తీసినాక చెప్పాల గదా" అన్నాడాయన. అది మొదలు చెబుతూనే ఉంది. చిన్నది కడుపులో ఉన్నప్పుడు ఏడో నెల దాకా వంగింది. ఎనిమిదో నెలలో అత్తగారు "ఇంక వంగగూడదు, ఇంట్లో ఉండనీ" అని దయ చూపింది. బ్రేకు బాగు చేయిద్దామని మాత్రం ఎవరికీ తోచలేదు. కాన్పయి లేచేదాకా మూడు నెలలు గని కూలి అయ్యన్న రాయి పెట్టాడు. ఆ పనికి అయ్యన్నకు వేరే కూలి ఇచ్చారు.

రాయి పెట్టడం సగం పనే. మళ్ళీ బయలుదేరితే వాలు మధ్యలో బండి ఆపే వీల్లేదు, పైన చదును వచ్చేదాకా పోవాల్సిందే. నాగలత రాయి తీసుకుని వెనక నడిచి రావాలి. కర్నూలు జిల్లాలోనూ కడప జిల్లాలోనూ ఉన్న ఎత్తులన్నీ ఆమె రాయి చేతపట్టుకుని ఎక్కింది. పైన బండిలో మొగుడు, అత్త, పిల్లలు కూర్చుని ఎదురుచూసేవాళ్ళు. కొంచెం ఆలస్యమైతే హారను. ఇంకొంచెం ఆలస్యమైతే ఆపకుండా హారను. "వస్తాండా!" అని అరుస్తూ చీర కుచ్చెళ్ళు ఎత్తిపట్టుకుని పరుగెత్తేది.

కానీ ఒక మాట ఆమె ఎవరికీ చెప్పలేదు. ఆ నడక ఆమెకు ఇష్టం. ఇంట్లో ఆమెకు ఒంటరిగా దొరికే చోటు స్నానాల గది ఒక్కటే. అక్కడ కూడా తలుపు కొట్టి సబ్బు యాడ పెట్టినావని అడిగేవాళ్ళు. ఈ ఎత్తుల మీద మాత్రం కాసేపు ఎవరూ ఉండరు. మహానందిలో కోనేటి స్నానం చేసి గిద్దలూరు ఘాటు ఎక్కుతున్నప్పుడు తడి జడ వీపుకు చల్లగా తగిలేది, చెట్ల నడుమ నుంచి గాలి వచ్చేది. గని దారిలో తంగేడు పూసేది. ఒక చేతిలో రాయి, ఇంకో చేత్తో ఒక కొమ్మ తుంచుకుని, వచ్చిన పాట పాడుకుంటూ, కావాలనే నెమ్మదిగా నడిచేది. కూతురిని కడపలో హాస్టల్లో పెట్టి చదివించాలని ఆమె నిర్ణయించుకున్నది అలాంటి ఒక ఎత్తు మీదే. చెప్పింది ఇంట్లో వారం తర్వాత, గొడవ జరిగింది నెల రోజులు. గెలిచింది. ఇప్పుడు తలుచుకుంటే ఆ రోజుల మీద కోపం రావాలి గదా, రాదు. గని లీజు అయిపోయి రెండేళ్ళు. అప్పటి నుంచి బండి కదలలేదు. వారానికోసారి దుమ్ము తుడిచి, ఎవరూ చూడనప్పుడు వెనక సీట్లో ఎక్కి కాసేపు కూర్చునేది. డీజిలు వాసన, పాత రెగ్జిను వాసన. కాళ్ళ దగ్గర రాయి.

ఉగ్గాని, బజ్జీలు తిన్నాక రామకృష్ణ "గనిదాకా పోయొద్దాం పాండి, దాని సత్తువ తెలుస్తాది" అన్నాడు. భూపేష్ నడిపాడు. ముందు సీట్లో రామకృష్ణ. ఆడవాళ్ళిద్దరూ వెనక. రెండేళ్ళు నిలబడినా, నిన్న ఛార్జి చేయించిన బ్యాటరీతో బండి ఒక్క తిప్పుకే మేలుకుంది. ఆ గుర్రుమనే చప్పుడు వినేసరికి నాగలతకు కళ్ళు తడి అయ్యాయి. శివాని చూసి, "బాధగా ఉండాదా అక్కా?" అని మెల్లగా అడిగింది. "శానా" అంది నాగలత.

గని ఎత్తు మధ్యకు వచ్చాక రామకృష్ణ "ఈడ ఆపు. నిలబెట్టి ఎత్తితే ఎట్ల లేస్తాదో చూడు" అన్నాడు. భూపేష్ ఆపాడు. రామకృష్ణ నోరు అలవాటుగా అనేసింది.

"నాగా, రాయి!"

"రాయేంది అన్నా?" అని భూపేష్ హ్యాండ్‌బ్రేకు లాగాడు. అది ఏ పట్టూ లేకుండా పైకి లేచి చేతికి వచ్చింది. బండి జానెడు వెనక్కి జారింది. భూపేష్ గభాలున బ్రేకు తొక్కిపట్టాడు. "ఇది పనిచెయ్యదా అన్నా?"

"కేబులు కొంచెం వదులప్పా. ఏం గాదు. ఆడోళ్ళు ఉండారు గదా ఎనక." రామకృష్ణ నవ్వుతూ వెనక్కి తిరిగాడు. "పాపా, ఈసారి నువ్వు దిగు. రేప్పొద్దున నువ్వే గదా పెట్టాల్సింది. మా నాగ చూపిస్తాది."

శివాని నవ్వింది. పెద్దాయన తనను లెక్కలోకి తీసుకుని ఒక పని చెప్పాడని నవ్వింది. చున్నీ నడుముకు చుట్టుకుని, వంగి, రాయి మీద చెయ్యి వేసి "బరువుంటాదా అక్కా?" అని అడిగింది. ఆ నవ్వు నాగలతకు తెలుసు. ఖాసిం వలి షెడ్డులో, పందొమ్మిదేళ్ళ కింద, అది తన మొహం మీదే ఉండింది. రంగు వేసిన ఆ గోళ్ళు చూసింది, తన వంకర గోరు చూసుకుంది. బండి పోతుందనే బాధ ఒకటుంటే, బండితో పాటు తన పని కూడా ఈ పిల్లకు అంటగడుతున్నారన్న సంగతి అప్పుడు కళ్ళకు కట్టింది.

నాగలత రాయి మీద కాలు పెట్టింది.

"నువ్వు దిగొద్దు పాపా." తర్వాత రాయి తీసి ఒళ్ళో పెట్టుకుంది. "భూపేషూ, ఈ బండికి హ్యాండ్‌బ్రేకు ల్యా. మేం కొన్న మూడో నెల్లోనే తెగిపోయింది. పందొమ్మిదేండ్లు జారలేదంటే దిగి దిగి నేను ఆపినా. బండి మంచిది, ఇంజను మంచిది, తీసుకోండి. ఖాసిం వలి తావ బ్రేకు బాగు చేయించుకోని తీసుకోండి. రాయి మాత్రం బండితో రాదు. ఈ పాప చేతికి నేనియ్యను."

"ఏమే, నలుగుర్లో నవ్వులపాలు చేస్తాండావు?"

"ఆ దినం ఖాసిం షెడ్డులో నవ్వినోళ్ళు నలుగురి కంటే ఎక్కువే ఉన్నారు గదయ్యా."

"యా షెడ్డు? ఎప్పుడు?" అన్నాడు రామకృష్ణ. నటించడం లేదు. ఆయనకు నిజంగా గుర్తు లేదు. నాగలతకు ఆ నవ్వుల కంటే ఇది ఎక్కువ నొప్పి పెట్టింది.

"అన్నా, కాలు పీకుతాండాది" అన్నాడు భూపేష్, బ్రేకు మీద బిగదీసి కూర్చుని.

రామకృష్ణ ఆమె దిగుతుందని చూశాడు. ఎప్పుడూ దిగేది గదా. నాగలత రెండు చేతులా రాయి ఎత్తి ముందు సీటు మీదుగా ఆయన ఒళ్ళో పెట్టింది. ఆయన ఒకసారి ఆమెను, ఒకసారి రాయిని చూసి, గొణుక్కుంటూ తలుపు తీసుకుని దిగాడు. బండి చుట్టూ సగం తిరిగాడు. ముందు చక్రం దగ్గర వంగబోయి లేచాడు. వెనక్కి వచ్చాడు. చివరికి నాగలత పక్కన కిటికీ దగ్గర నిలబడ్డాడు.

"యాడ పెట్టాల?" అని అడిగాడు.

బండి తిరిగిన పదిహేడేళ్ళు. రోజుకు రెండుసార్లు, పండగలకూ తిరునాళ్ళకూ ఇంకా ఎక్కువ. ఒక్కసారి కూడా ఆయన తల తిప్పి చూడలేదన్నమాట. నాగలతకు నవ్వు వచ్చింది, ఏడుపు వచ్చింది, ఏది ముందు వచ్చిందో ఆమెకే తెలియలేదు.

"ఎడమ పక్క, ఎనక చక్రం. సన్న అంచు లోపలికి. మడమతో ఒక తన్ను తన్నాల."

ఆయన వంగాడు. నాగలత "బ్రేకు వదలొద్దప్పా, నేను చెప్పేదాక" అని భూపేష్‌కు చెప్పి, కిటికీలోంచి సగం బయటికి వంగి, మొగుడి వేళ్ళు పదీ చక్రం కింద నుంచి బయటికి వచ్చాయో లేదో చూసింది. వచ్చాక తనే కేక వేసింది. "పడింది!"

రామకృష్ణ చేతులు దులుపుకుని తలుపు పట్టుకున్నాడు.

"నువ్వెక్కితే రాయి ఎవురు తీస్తారు?" అంది నాగలత.

ఆయన చెయ్యి తలుపు మీదే ఆగింది. తర్వాత వదిలింది. భూపేష్ గేరు వేశాడు. బండి ఒక్క ఊపున లేచి, దుమ్ము రేపుకుంటూ ఎత్తంతా ఎక్కి, పైన చదునులో నిలబడింది. ఇన్నేళ్ళలో ఆ ఎత్తు నాగలత కూర్చుని ఎక్కడం ఇదే మొదలు. శివాని ఆమె చెయ్యి పట్టుకుంది. వంకర గోరును బొటనవేలితో ఒకసారి తడిమి వదిలింది.

నాగలత వెనక అద్దంలోంచి చూసింది. దుమ్ము తగ్గాక కింద రామకృష్ణ కనిపించాడు. వంగి రాయి తీసుకున్నాడు. నాలుగడుగులు వేసి, రాయి ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు. నడుము మీద చెయ్యి పెట్టుకుని నిలబడి, దారి పక్కన తంగేడు చెట్టును అదేదో కొత్తగా మొలిచినట్టు చూశాడు. మళ్ళీ నడిచాడు.

"ఆలస్యమయ్యేట్టుండాది. పిలుద్దునా అక్కా?" అని భూపేష్ హారను మీద చెయ్యి పెట్టాడు.

"హారను కొట్టొద్దప్పా" అంది నాగలత. "నిదానంగా రానీ."