తిరుమల్ కాలికి సరిపోయే బ్రేకులు

ఆ బుధవారం పొద్దున నా చేతిలో ఉన్నవి చెబుతాను. ఖతర్‌లో, నజ్మా బజారులో ఒక స్పేర్ పార్ట్స్ దుకాణం. గల్లాలో ఆరు వందల రియాళ్లు. పదిహేడేళ్లుగా బ్రేకులు, క్లచ్చులు అమ్మిన అనుభవం. పదకొండు నెలలుగా కదలని ఒక రేసు బ్రేకు ప్యాడ్ల సెట్టు. దాని మీద నా డబ్బు పద్నాలుగు వందలు ఇరుక్కుపోయి ఉంది. అంత వేగంగా పోయే జర్మన్ కారు ఉన్నవాళ్లు షోరూముకే వెళతారు, నా దుకాణం మెట్లెక్కరు.

తొమ్మిదింటికి ఒకతను వచ్చి, పక్క గ్యారేజీలో కారు నిలిపి విప్పించిన పాత ప్యాడును ప్లాస్టిక్ సంచిలోంచి తీసి కౌంటర్ మీద పెట్టాడు.

"సేటూ, ఇసొంటివే కావాలె. గిదే కంపెనీ, గిదే నంబరు. నాలుగు చక్రాలకు."

నాది కోరుట్ల. మా వైపు మాట చెవిన పడితే ఊరి పేరు అడగకుండా ఉండలేను. అతనిది మల్లాపూర్ పక్క పల్లె. పేరు తిరుమల్. ఒక ఖతరీ ఇంట్లో మూడేళ్లుగా డ్రైవరు.

నంబరు చూశాను. నా షెల్ఫులో కూర్చున్న సెట్టే. చెయ్యి అటు పోయింది కూడా. రెండు వేల రెండు వందలు చెప్పినా బేరమాడేలా లేడు. డబ్బుల కవరు చేతిలో పట్టుకునే నిలబడ్డాడు.

అలవాటు కొద్దీ పాత ప్యాడును వేళ్లతో తడిమాను. మార్చాల్సిన ప్యాడు మూడు మిల్లీమీటర్లకు అరిగి వస్తుంది. ఇది తొమ్మిది ఉంది. డిస్కుకు ఆనే ముఖం మాత్రం అద్దంలా మెరుస్తోంది.

"ఇది అరగనే లేదు కద తమ్మీ. ఎందుకు మారుస్తున్నవ్?"

"అరగకున్నా ఒర్రుతున్నది సేటూ. సిగ్నల్ కాడ ఆపితే అందరు మర్రి చూస్తున్నరు. పొద్దుగాల తొక్కితే మొదటిసారి పట్టనే పట్టది. మొన్న గేటు కాడ నీళ్ల వ్యానుకు జానెడు దూరంల ఆగింది. ఎనుక సీట్ల బాబా ఉన్నడు."

బాబా అంటే ఇంటి యజమాని. కారు మాత్రం ఆయన కొడుకు ఫహద్‌ది. ఫహద్ దాన్ని రేసు ట్రాక్ మీద నడుపుతాడు. ఈ ప్యాడ్లు వేయించింది అందుకే. ఎనిమిది నెలల కింద చదువుకని లండన్ పోతూ, కారును ఊరికే నిలబెట్టొద్దని తిరుమల్‌కు చెప్పాడు. అప్పటినుంచి బాబా దాంట్లోనే తిరుగుతున్నాడు.

"నా కొడుకు కారు ఖరాబు చేసినవ్ అంటున్నడు బాబా. శనివారం ఫహద్ వస్తుండు. అప్పటికి బ్రేకులు సక్కగ కాకపోతే నన్ను ఇంటికి పంప టికెట్ కొంటనన్నడు."

"ఫహద్‌ను అడిగినవా?"

"అడిగిన. సేమ్ ప్యాడ్స్ తీసుకో, ఏరేటివి ముట్టకు అన్నడు." తిరుమల్ కవరును అటూ ఇటూ తిప్పాడు. "లైసెన్స్ టెస్టుల నాలుగుసార్లు ఫెయిలై ఐదోసారి పాసైన సేటూ. మా ఊర్ల గల్ఫంత దుబాయే కద. మా సుమలతేమో, దుబాయ్‌ల మా ఆయన గీ ఊరంత పెద్ద కారు నడుపుతుండని అందరికి చెప్పి కూసుంది."

అమ్మితే నాకు ఎనిమిది వందల లాభం. కానీ అవే ప్యాడ్లు మళ్లీ వేస్తే వారం తిరక్కుండా మళ్లీ అరుస్తాయి. శనివారం ఆ ఇంట్లో ఎవరూ ప్యాడ్లను తిట్టరు. డ్రైవర్ని తిడతారు. లాభం నాకు, టికెట్ అతనికి.

"గీ ప్యాడు మళ్ల బిగిపియ్. పా, ఒక చక్కర్ కొట్టొద్దాం," అన్నాను.

మెసైమీర్ దాకా పోయి వచ్చాం. పోతున్నప్పుడే సంగతి అర్థమైంది. సిగ్నల్ ఇంకా రెండు వందల మీటర్లు ఉండగానే తిరుమల్ బ్రేకు మీద కాలు ఆనించేవాడు. నొక్కేవాడు కాదు, ఆనించేవాడు. కారు అలా పాకుతూ పోయి గీత దగ్గర ఆగేది. వెనకవాడు హారన్ మోగించేవాడు. ఆగే ముందు ప్యాడ్లు కీచుమని అరిచేవి.

"ఎప్పుడైనా గట్టిగ తొక్కినవా దీన్ని?"

"అమ్మో! పరాయోళ్ల కారు సేటూ. పసిపిల్ల మీద చెయ్యేసినట్టు తొక్కుతా."

"గదే తప్పు," అన్నాను.

దుకాణానికి వచ్చాక చెప్పాను. "రొట్టె చేసే పెంక ఉంటది కద. అది కాలకముందే పిండి ఏస్తే ఏమైతది? అంటుకుంటది, కాలది. ఈ రేసు ప్యాడ్లు గట్లనే. బాగ వేడెక్కితేనే పట్టుకుంటయి. ఫహద్ తొక్కుడుకు నిమిషంల కాగుతయి. నీ తొక్కుడుకు ఏడాదైనా కాగయి."

"మరి గట్టిగ తొక్కాల్నా?"

"బాబాను ఎనుక కూసోబెట్టుకొని రేసు నడుపుతవా?"

నవ్వు ఆపుకున్నాడు. నేను రెండు డబ్బాలు తీసి ముందు పెట్టాను. మొదటిది మామూలు కార్లకు వేసేది. చౌక, చప్పుడు ఉండదు. కానీ ఫహద్ వచ్చి ఒక్కసారి ఆ కారును దాని వేగంలో నడిపితే ఈ ప్యాడ్లు వేడికి చేతులెత్తేస్తాయి. పిల్లవాడి ప్రాణం మీదికి వస్తుంది. దాన్ని పక్కకు నెట్టాను. రెండోది వేగంగా పోయే కార్లకే చేసింది, అయితే రోడ్డు కోసం. చల్లగా ఉన్నా మొదటి తొక్కుకే పడుతుంది, హైవే మీద వేడినీ తట్టుకుంటుంది. ట్రాక్‌కు మాత్రం పనికిరాదు. ధర తొమ్మిది వందల యాభై.

తిరుమల్ ముట్టుకోలేదు. "ఫహద్ సేమ్ అన్నడు సేటూ. ఏరేవి ఏసినవని ఇంకింత కోపం చేస్తే?"

ఆ భయంలో న్యాయం ఉంది. మాట వినలేదన్న తప్పు కూడా తోడైతే అతన్ని ఎవరూ కాపాడలేరు.

"పాతవి పారెయ్యం. గరుకు కాయితంతోని ముఖం రుద్ది డబ్బల పెట్టిస్త. ఫహద్ ట్రాక్‌కు పోయిన్నాడు అవే ఏసుకుంటడు. డబ్బ మీద నా పేరు, నంబరు రాస్త. అడిగితే ముజఫ్ఫర్ అలీ మార్చిండని చెప్పు. తిట్లు నాకు పడనియ్."

కవరు విప్పడానికి అతనికి ఒక కప్పు చాయ్ పట్టింది. రేసు సెట్టును నేను పై షెల్ఫులో వెనక్కి నెట్టేశాను. పక్క గ్యారేజీ ఫిట్టరు డిస్కులు రుద్ది కొత్త ప్యాడ్లు ఎక్కించాడు.

పని అక్కడితో అయిపోదు. కొత్త ప్యాడ్లు డిస్కుతో కుదురుకోవాలంటే వేగంలో పది సార్లు గట్టిగా నొక్కి వదలాలి. దాన్ని బెడ్డింగ్ అంటారు. ఫిట్టరు చేస్తానన్నాడు. నేనే వద్దన్నాను. రేపు నడపాల్సింది తిరుమల్ కాలే. అది నేర్చుకోవాలి.

శుక్రవారం పొద్దున ఆరింటికి మెసయీద్ వైపు పోయాం. ఫ్యాక్టరీలకు సెలవు, పక్కదారి మీద పురుగు లేదు. ముందూ వెనకా చూసుకుని, కారు ఎనభైకి రాగానే అన్నాను: "తొక్కు!"

ఆనించాడు.

"తొక్కుమంటే నిమురుతవేంది! మళ్ల పోనీ."

రెండోసారీ అంతే. మూడోసారి నాకు ఓపిక పోయింది.

"తిరుమల్, నీ ముంగట నీళ్ల వ్యాను ఉన్నది. ఎనుక బాబా ఉన్నడు. తొక్కు!"

తొక్కాడు. నా నడుం బెల్టులోకి దిగింది, మెడ ముందుకు పోయి వెనక్కి వచ్చింది. కారు గీసినట్టు తిన్నగా నెమ్మదించింది. చప్పుడు లేదు.

"యా అల్లా," అన్నాను నేను.

"పట్టింది సేటూ! మొదటి తొక్కుకే పట్టింది!" అన్నాడు తిరుమల్.

ఇక అతన్ని ఆపలేకపోయాను. ఇంకా తొమ్మిదిసార్లు తొక్కాడు. చివర్లో మాడు వాసన వస్తే "కాలిపోతున్నది, ఆపుతా" అని హడలిపోయాడు. ఆ వాసన రావాలి, ఇప్పుడు ఆపకుండా చల్లారేదాకా నడుపు అన్నాను. తిరిగి వచ్చేటప్పుడు సిగ్నల్ దగ్గర మామూలు మనుషుల్లాగే ఆగాడు. వెనకవాడు హారన్ కొట్టలేదు.

శనివారం ఫోను రాలేదు. ఆదివారం సాయంత్రం ఫహద్ స్వయంగా దుకాణానికి వచ్చాడు. ఇరవై రెండేళ్లుంటాయి. హిందీ బాగానే మాట్లాడతాడు. నా పేరున్న డబ్బా కౌంటర్ మీద పెట్టాడు.

"నేను సేమ్ అన్నాను. మార్చమని నీకెవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు. మీరు ఇక్కడ లేరు. నడిపేది తిరుమల్, కూర్చునేది మీ నాన్నగారు. వాళ్లిద్దరికీ సరిపోయేవి వేశాను. మీవి అరగకుండా డబ్బాలో ఉన్నాయి."

డబ్బా తెరిచి ఒక ప్యాడు తిప్పి చూసుకున్నాడు. "ఎయిర్‌పోర్ట్ నుంచి నేనే నడిపాను. చాలా శుభ్రంగా పడుతున్నాయి. బెడ్డింగ్ ఎవరు చేశారు?"

"మీ డ్రైవరు."

"తిరుమలా? కోడిగుడ్లు మోసుకుపోతున్నట్టు నడుపుతాడు వాడు!"

"నా మెడ చూడండి, ఇంకా తిరగడం లేదు."

నవ్వాడు. ఆ నవ్వు చల్లారకముందే అడిగాను. "కారు ఖరాబు చేసింది తిరుమల్ కాదని బాబాకు ఎవరైనా చెప్పాలి. మేం చెబితే ఆయన వినడు."

"అంటే తప్పు నాదా?"

ఇలాంటి చోట మాట జారితే పోయేది సరుకు కాదు, ఒక మనిషి కొలువు. "తప్పు ప్యాడ్లది," అన్నాను. "అవి ఇంటి పనికి పుట్టినవి కావు."

డబ్బా మూత వేశాడు. "ఖలాస్, ఇక వదిలెయ్. నేను చెబుతా," అని డబ్బా తీసుకుని వెళ్లిపోయాడు.

మంగళవారం తిరుమల్ ఫోన్ చేశాడు. "సేటూ, అకామా రెన్యువల్‌కు కాయిదాలు ఇయ్యమన్నడు బాబా. ఇంకో రెండేండ్లు ఈడనే ఉండొచ్చు."

"సుమలతకు చెప్పినవా?"

"ఏమని చెప్పాలె? కొలువు పోయేటట్టుందనే చెప్పలే."

ఆ బేరం లెక్క ఇది. ప్యాడ్ల మీద రెండు వందల యాభై రియాళ్లు వచ్చాయి. ఫిట్టరుకు అరవై నేనే ఇచ్చాను. మెడకు రాసుకునే మందు పన్నెండు. నాకు మిగిలింది నూట డెబ్బై ఎనిమిది రియాళ్లు. తిరుమల్‌కు మిగిలింది కొలువు.