తారుషీటా, టైల్సా

హెడ్మాస్టరుగారి తమ్ముడు ఎనిమిదో తరగతిలోనే చదువుకు దండం పెట్టి, డాబాల మరమ్మతు పనిలో చేరాడు. ఇరవై ఏళ్లలో ఆ పనిలో చేయి తిరిగింది. గోడ మీది చెమ్మ చూసి నీరు ఎక్కణ్ణుంచి దిగుతోందో చెప్పేవాడు. అన్నగారికి మాత్రం అతను ఇంకా లెక్కలు తప్పిన కుర్రాడే.

ఆ వేసవిలో హెడ్మాస్టరుగారి పడకగది కప్పు పెచ్చులూడింది. కబురందగానే తమ్ముడు వచ్చి డాబా ఎక్కాడు. మోకాళ్ల మీద పాకుతూ శ్లాబంతా సుత్తితో తట్టి చూశాడు. దిగివచ్చి, వదిన ఇచ్చిన మంచినీళ్లు తాగి చెప్పాడు.

"అన్నయ్యా, తారుషీటు వేయిద్దాం. శ్లాబు కాస్త కదిలినా అది సాగుతుంది. టైల్స్ మాత్రం వద్దు. అతుకుల్లోంచి దిగిన నీళ్లు బయటికి రాలేక అడుగునే నిలిచిపోతాయి. నా మాట విను."

"నల్లగా రోడ్డులా ఉంటుందేమోనయ్యా?" అంది వదిన.

"పైన వెండిరంగు పూత వేస్తా వదినా. ఇల్లు చల్లగా కూడా ఉంటుంది."

హాల్లో బడి మాస్టర్లు ముగ్గురు కూర్చుని ఉన్నారు. హెడ్మాస్టరుగారు అప్పటికే తెల్ల టైల్స్ మీద మనసు పారేసుకున్నారు. నవ్వుతూ అన్నారు: "మావాడి దగ్గర షీటు చుట్టలు మిగిలిపోయినట్టున్నాయి. ఎవరికో ఒకరికి అంటగట్టాలిగా, అన్న దొరికాడు!"

మాస్టర్లు పకపకా నవ్వారు. తమ్ముడు సుత్తి సంచిలో వేసుకున్నాడు. "వస్తా వదినా" అని ఆమెకొక్కదానికే చెప్పి వెళ్లిపోయాడు.

టైల్స్ పరిచారు. డాబా మల్లెపువ్వులా మెరిసింది. మొదటి ఏడు చుక్క కారలేదు. "చూశావా?" అన్నారాయన భార్యతో. రెండో ఏడు నాలుగు రోజులు ముసురు పట్టింది. ఆవిడ అప్పుడే మంచం దిగింది. వెనకాలే చాటంత పెచ్చు దిండు మీద పడింది. ఇనుప చువ్వలు తుప్పుపట్టి బయటపడ్డాయి. మేస్త్రీ నాలుగు టైల్స్ పెకలించాడు. అడుగున నీళ్లు నిలిచి ఉన్నాయి.

ముసురు వెలిశాక హెడ్మాస్టరుగారు తమ్ముడి గడప తొక్కారు.

"రండి, కూర్చోండి" అన్నాడు తమ్ముడు.

ఆ 'అండి' ఆయనకు చెంపదెబ్బలా తగిలింది. ముప్పై ఏళ్లు పిల్లలకు ఉపన్యాసాలిచ్చిన మనిషి, "టైల్స్ తీయిస్తున్నాన్రా" అని మాత్రం అనగలిగారు.

"రేపు వస్తాం."

నలుగురు పనివాళ్లతో వచ్చి, చువ్వలు గీకించి, శ్లాబు పూడ్పించి, ఆరనిచ్చి, తారుషీటును మంటతో వేడిచేసి అతికించాడు. వదిన టీ తెస్తే పనివాళ్లకిప్పించాడు. తను మాత్రం సీసాలో తెచ్చుకున్న నీళ్లే తాగాడు. ఆఖరి రోజు హెడ్మాస్టరుగారు మేడెక్కారు.

"ఆ రోజు నలుగురిలో నేనన్న మాట..."

"రెండు రోజులు ఎవరినీ పైకి ఎక్కనివ్వకండి. పూత ఆరాలి" అంటూ తమ్ముడు మెట్లు దిగాడు.

ఆ కప్పు మళ్లీ కారలేదు. శుభకార్యాలకు పిలిస్తే తమ్ముడు భార్యాపిల్లలతో వస్తాడు, క్షేమం అడుగుతాడు, భోంచేసి వెళతాడు. మొన్న డాబా మీద నీళ్లట్యాంకు పెట్టాలనుకుని హెడ్మాస్టరుగారు అతన్ని పిలిపించారు. కావాలనే, బరువు మోయలేని మూల చూపించి, "ఇక్కడ పెడదామా?" అన్నారు. కాదు అన్నయ్యా, నీకేం తెలుసని వాడు కోప్పడితే బాగుండునని ఆయన ఆశ.

తమ్ముడు ఆ మూలను సుత్తితో తట్టి చూశాడు.

"కింద దూలం వేయించి పెడతాను. మీ ఇష్టమండీ" అన్నాడు.