ముప్పై ఏడు రోజుల అద్దం

పొద్దున్నే ఆరున్నరకి, ఇంకా పళ్లయినా తోముకోకుండా, పట్టకారు అక్క చెప్పుల స్టాండు మీదున్న నల్లపెట్టె ముందు వంగేది. దాని మూతి మీద రెండు పచ్చదీపాలు వెలుగుతుంటే "శెభాష్" అని, అప్పుడు బ్రష్షు నోట్లో పెట్టుకునేది. ఒక్కరోజు కూడా తప్పలేదు. జ్వరం నూట నాలుగు ఉన్నప్పుడు కూడా గోడ పట్టుకుని వచ్చి మరీ శెభాష్ చెప్పి వెళ్లి పడుకుంది.

ఆవిడ పని వినికిడి మిషన్లు బాగుచేయడం. బఠాణీ గింజంత మిషను, దాని లోపల ఆవగింజలో పావువంతు స్క్రూ. దాన్ని పట్టకారుతో పట్టుకుని, ఊపిరి బిగబట్టి, తుమ్ము వస్తే దాన్ని మర్నాటికి వాయిదా వేసి మరీ బిగించేది. ఆవిడ చేతిలో బాగుపడ్డ మిషను పెట్టుకున్న ఓ ముసలాయన, పక్కవీధిలో చీమలు పోట్లాడుకుంటుంటే నిద్రపట్టడం లేదు, కాస్త తగ్గించమ్మా అని వెనక్కి పట్టుకొచ్చాడు. అలాంటి చెయ్యి అది.

ఆ చేత్తోనే నల్లపెట్టె కూడా కట్టింది. పాత కంప్యూటర్ పొట్టలో రెండు కొత్త డిస్కులు బిగించి, దానికి ఇంటి సర్వర్ అని పేరు పెట్టింది. తమ్ముడి ఫోన్లో పడ్డ ప్రతి ఫొటో సాయంత్రానికల్లా అందులోకి వచ్చి చేరేది.

"మన వస్తువులు మనింట్లో ఉండాలిరా," అనేది తమ్ముడితో. "మొహం తెలియని వాడి గోడౌన్లో మన బతుకు దాచుకోవడమేంటి? రేపు వాడు గేటు మూస్తే ఎవడి కాళ్లు పట్టుకుంటాం?"

రెండు డిస్కులూ కవలపిల్లలు. ఒకదాని మీద ఏది పడితే ఇంకోదాని మీదా అదే. ఒకటి చచ్చినా ఇంకోటి బతికుంటుంది. మరి ఇల్లే తగలబడితే? దానికి మూడో డిస్కు. అది లైబ్రరీలో పనిచేసే స్నేహితురాలి సొరుగులో ఉండేది. నెలకోసారి, మొదటి ఆదివారం నాడు ఇంటికి తెచ్చి, కొత్తవన్నీ ఎక్కించి, సోమవారం మళ్లీ సొరుగులోకి. ఎవడైనా ఎత్తుకుపోయినా పనికిరాకుండా దానికి ఎనిమిది మాటల తాళం వేసింది. ఒకదానికొకటి పొంతన లేని ఎనిమిది మాటలు, పాచికలు వేసి ఎంచినవి. ప్రపంచంలోని దొంగలంతా కలిసి ఊరేగింపుగా వచ్చినా ఆ తాళం ఊడిరాదు.

ఇక హాల్లో ఉన్న నిలువుటద్దం సంగతి. ఆ అద్దం ముప్పై ఏడు రోజులు ఆలస్యం. ఇవాళ దాని ముందు నిలబడితే ఇవాళ్టి మొహం కనిపించదు, ముప్పై ఏడు రోజుల కిందట ఇదే వేళకి హాల్లో ఎవరుంటే వాళ్లు కనిపిస్తారు. అందుకని తల దువ్వుకోవడానికి బాత్రూంలో చిన్న అద్దం పెట్టుకున్నారు. పై అంతస్తు ఆవిడ అప్పుడప్పుడూ వచ్చి, "మీ ఇంట్లోనే గొడుగు మర్చిపోయానేమో, కాసేపు చూసుకుంటానండీ" అని అద్దం ముందు కుర్చీ వేసుకునేది. నాన్న పోయినప్పుడు అమ్మ ముప్పై ఏడు రోజులు అక్కణ్నించి లేవలేదు. ముప్పై ఎనిమిదో రోజు పొద్దున లేచి, గుడ్డ తెచ్చి అద్దం తుడిచి, వంటింట్లోకి వెళ్లింది. అప్పట్నుంచీ ఆ అద్దం తుడిచే హక్కు ఆవిడదే.

తమ్ముడు లిఫ్టు మెకానిక్కు. ఏడంతస్తుల ఆఫీసు భవనంలో లిఫ్టు మోసే ఇనుపతాడు పోగులు పోగులుగా తెగుతోందని మూడుసార్లు ఫొటోలు తీశాడు, మూడుసార్లు కంపెనీ యాప్‌లో ఫిర్యాదు పంపాడు. పంపిన ప్రతిసారీ "చేరింది" అని తెర మీద వచ్చిన మాటని కూడా ఫొటో తీసుకున్నాడు. తాడు మారలేదు. నెల తిరిగింది. ఒక గురువారం మధ్యాహ్నం లిఫ్టు మూడో అంతస్తు నుంచి జారింది. లోపల ఆ భవనంలో నేలలు తుడిచే ఆవిడ ఉంది, బకెట్టుతో సహా. రెండు కాళ్లూ విరిగాయి.

సాయంత్రానికల్లా కంపెనీ ఒక ప్రకటన ఇచ్చింది. మెకానిక్ ఎలాంటి లోపమూ తెలియజేయలేదు, రికార్డుల్లో ఏమీ లేదు, అతన్ని పనిలోంచి తొలగించాం.

"లేదా? రికార్డుల్లో లేదా?" అక్క ఒంటికాలి మీద లేచింది. "ఒరేయ్, ఫోన్ తియ్యి. చూపిద్దాం వాళ్లకి."

తమ్ముడు ఫోన్ తీశాడు. ఫోన్ బోడిగుండులా ఉంది. ఉద్యోగంలో చేరినప్పుడు కంపెనీ వాళ్లు ఎక్కించిన యాప్ ఒకటుంది. దానికి మనిషిని తీసేసినప్పుడు ఫోన్ కూడా తుడిచేసే అధికారం ఉందట. అది అతని సొంత ఫోను. సొంత డబ్బుతో కొన్నది. పెళ్లి ఫొటోలు, నాన్న గొంతు, ఇనుపతాడు, అన్నీ కలిపి ఊడ్చేశారు.

"ఊడ్చుకోనీ," అంది అక్క, నవ్వుతూ కూడా. "మన పెట్టె ఉందిగా."

పెట్టె తెరిచింది. రెండు దీపాలూ పచ్చగా వెలుగుతున్నాయి. తమ్ముడి ఫోల్డరు ఖాళీ.

తప్పెక్కడ జరిగిందో ఆవిడకి అర నిమిషంలో అర్థమైంది. ఫోన్లో ఏముంటే పెట్టెలో అదే ఉండాలి అని ఏర్పాటు చేసింది తనే. ఫోన్లో తుడిచేస్తే పెట్టె కూడా విధేయంగా తుడిచేసింది. ఒక కవల తుడుచుకుంటే రెండో కవల చూస్తూ ఊరుకుంటుందా? అదీ తుడుచుకుంది. పోనీ, లైబ్రరీ సొరుగులో మూడోది ఉంది కదా అంటే, దాని తాళం మాటలు? కాగితం మీద రాయకూడదు, బుర్రకి అప్పగించకూడదు అని జనానికి నీతులు చెప్పే పట్టకారు అక్క, ఎక్కడున్నా తమ్ముడి ఫోన్లో చూసుకోవచ్చని ఆ ఎనిమిది మాటల్నీ అతని ఫోల్డర్లోనే పెట్టింది. నెలకోసారి అందులో చూసి కొట్టడమే.

"ఒక్కటైనా గుర్తు లేదా అక్కా?"

"మొదటిది గొడుగు. తరవాత ఏదో జంతువు."

"ఏ జంతువు?"

"గుర్తుంటే జంతువు అంటానా, పేరే చెప్పేదాన్ని!"

కంపెనీకి ఫోన్ చేసింది. మీ మాట మాకెంతో విలువైనది అని ఒక చిలక పలుకు, తరవాత సంగీతం, తరవాత మీ అభ్యర్థన నమోదైంది. పదకొండు రోజులు, రోజుకి పదకొండుసార్లు. ఆ సంగీతం ఆవిడ చెవిలో జోరీగలా పట్టుకుంది. చివరికి ఒక మనిషి దొరికాడు.

"మేడమ్, తొలగించిన ఉద్యోగి డేటా మా దగ్గర ఉండదు మేడమ్."

"ఉండదా, ఉంచలేదా?"

"మా పద్ధతి ప్రకారం..."

"మీ పద్ధతి నాకు చెప్పకు నాయనా. కాళ్లు విరిగినావిడకి చెప్పు, పో!" ఆ కేకకి బల్ల మీదున్న ఆరు వినికిడి మిషన్లూ ఒక్కసారి కీచుమన్నాయి. అవతల ఫోను పెట్టేశాడు.

లిఫ్టుల తనిఖీ అధికారి ముందు విచారణ మంగళవారం పదకొండు గంటలకి. అక్కడ తేలకపోతే తమ్ముడి లైసెన్సు రద్దు. ఆపైన కేసు. అతను ఇక ఏ ఊళ్లోనూ లిఫ్టు బటన్ కూడా ముట్టుకోలేడు.

ఆదివారం మధ్యాహ్నం తమ్ముడు గోడకి ఆనుకుని కూర్చుని ఉన్నాడు. అక్క పాచికలు చేతిలో పట్టుకుని, వాటికి గుర్తుంటుందేమో అన్నట్టు చూస్తోంది. అమ్మ వచ్చి ఇద్దరి మధ్యా నిలబడింది.

"ఏమే, క్రితం నెల ఆ డిస్కు తెచ్చింది ఏ రోజు?"

"మొదటి ఆదివారం."

"ఎక్కడ కూచుని కొట్టావు?"

"అదుగో, ఆ బల్ల దగ్గరే." చెయ్యి చూపించి, ఆ చేతిని అలాగే గాల్లో ఆపేసింది. బల్ల నిలువుటద్దానికి ఎదురుగా ఉంది. వేళ్లు మడిచి లెక్కపెట్టింది. మళ్లీ లెక్కపెట్టింది. ఆ ఆదివారానికి ముప్పై ఏడో రోజు మంగళవారం.

"పొద్దున్న తొమ్మిదింటికి కొట్టాను," అంది. "కానీ అమ్మా, అద్దంలో కనిపించేది కంప్యూటర్ వీపు, నా మొహం. మాటలు ఎలా కనిపిస్తాయి?"

"కొట్టేటప్పుడు ఒక్కో మాటా పైకి గొణుక్కుంటావు కదే. ఊరందరికీ తెలుసు."

అద్దానికి గొంతు లేదు. అయితేనేం, పెదాలు చదివే మనిషి ఉంది. లైబ్రరీ ఆవిడకి పుట్టుకతోనే వినికిడి తక్కువ; అక్క బిగించిన మిషను రాక ముందు ఇరవై ఏళ్లు జనం పెదాలు చూసే నెట్టుకొచ్చింది. రోడ్డుకి అవతల బస్సులో కూర్చున్నవాళ్ల తగాదా కూడా ఇవతల నుంచి చెప్పేసేది, ఎవరిది తప్పో తీర్పుతో సహా.

మంగళవారం ఎనిమిదిన్నరకే ఆవిడ డిస్కు సంచిలో వేసుకుని వచ్చింది. "నా సొరుగులో పెట్టి పోతే బంగారంలా చూశాను. నీ తాళం నువ్వు కాపాడుకోలేకపోయావేం పట్టకారూ?"

"తిట్టు. తరవాత తీరిగ్గా తిట్టు. ముందు చూడు."

నలుగురూ అద్దం ముందు కూర్చున్నారు. తొమ్మిదీ ఆరుకి అద్దంలో అక్క వచ్చి కూర్చుంది, తడిజుట్టుతో, హాయిగా, లోకంలో ఏ లోటూ లేని మనిషిలా. ఆ హాయి చూసి ఇవాళ్టి అక్కకి అరికాలి మంట నెత్తికెక్కింది. అద్దంలో పెదాలు కదిలాయి.

"గొడుగు," అంది లైబ్రరీ ఆవిడ. "తాబేలు. నిచ్చెన. దూది. సున్నం..."

తమ్ముడు రాస్తున్నాడు. అప్పుడే అద్దంలో పెద్ద ఆకారం ఒకటి అడ్డం వచ్చింది. గుడ్డ పట్టుకుని, అద్దాన్ని ఆ మూల నుంచి ఈ మూల దాకా, నిదానంగా, శ్రద్ధగా తుడవడం మొదలుపెట్టింది అమ్మ.

"అమ్మా! పక్కకి జరుగు!" అక్క అద్దం మీదికి అరిచింది.

"నా మీద అరుస్తావేంటే? నేను ఎప్పుడో జరిగాను!" అమ్మ వెనక నుంచి విసుక్కుంది.

"ఆదివారం పూట ఆ అద్దం తుడవకపోతే కొంపలు మునుగుతాయా?"

"దుమ్ము పట్టి ఉంటే ఇవాళ ఏం చదివేవాళ్లే మీరు?"

అద్దంలో అమ్మ తుడుస్తూనే ఉంది. ఒక మూల ఏదో మరక కనిపించి, గోటితో గీకింది కూడా. తొమ్మిదీ పదకొండు. తొమ్మిదీ పన్నెండు. ఆవిడ పక్కకి తప్పుకునేసరికి అద్దంలో అక్క ఆఖరి మీట నొక్కేసి తెర వంక చూస్తోంది. అయిపోయింది, మూడు మాటలు పోయాయి అని ఇక్కడ అక్క తల పట్టుకుంది.

లైబ్రరీ ఆవిడ ఆమె మోచెయ్యి గట్టిగా పట్టుకుంది. "ఉండు! అక్కడ నువ్వు కూడా తల పట్టుకున్నావు. 'అమ్మా, నీ గోలలో తప్పు కొట్టాను' అంటున్నావు. మళ్లీ కొడుతున్నావు. గొడుగు. తాబేలు. నిచ్చెన. దూది. సున్నం. గంట. కిటికీ. ఆవలింత."

ఇవాళ్టి అక్క వేళ్లు మీటల మీద పరుగెత్తాయి. డిస్కు ఒకసారి గురక పెట్టింది. ఇన్నేళ్లలో దానిలోకి ఎక్కించడమే గానీ, ఒక్కసారైనా దించి చూడలేదని ఆవిడకి అప్పుడు గుర్తొచ్చింది. తెరుచుకుంది. నాన్న గొంతు ఉంది. పెళ్లి ఫొటోలు ఉన్నాయి. ఇనుపతాడు ఉంది, మూడు తేదీలతో, మూడు "చేరింది"లతో.

విచారణ గదికి వెళ్లేలోపు అక్క నాలుగు ప్రతులు తీసింది. ఒకటి తనిఖీ అధికారి బల్ల మీద పెట్టింది, ఒకటి గుమస్తాకి ఇచ్చింది, మిగతా రెండూ తన సంచిలోనే ఉంచుకుంది. అధికారి ఫొటోలన్నీ చూసి, ఇవెలా దొరికాయని అడిగింది. తమ్ముడు అద్దం సంగతి చెప్పాడు. ఆవిడ తలూపి, "ఎన్ని రోజుల అద్దం?" అని అడిగి కాగితం మీద ముప్పై ఏడు అని రాసుకుంది.

కంపెనీ పెద్దమనిషి టై సర్దుకుని లేచాడు. "అభ్యంతరం అండీ. ఈ ఫొటోలూ ఈ ఫిర్యాదులూ మా కంపెనీ ఆస్తి. అనుమతి లేకుండా ఇంట్లో దాచుకోవడం ఒప్పందానికి విరుద్ధం. ఆ డిస్కులు వెంటనే మాకు అప్పగించాలి."

"మీవేనంటారా?" అంది అధికారి.

"నూటికి నూరు పాళ్లూ మావే."

"అయితే ఈ మూడు ఫిర్యాదులూ మీకు చేరాయన్నమాట. గుమస్తాగారూ, ఆయన అన్న మాట అన్నట్టే రాయండి."

గుమస్తా రాశాడు. ఆ చివర చక్రాల కుర్చీలో, రెండు కాళ్లకీ కట్లతో నేలలు తుడిచే ఆవిడ ఉంది. తనకిచ్చిన ప్రతిలోని ఫొటోలు గుమస్తా తెర మీద ఆవిడకి ఒక్కొక్కటే చూపించాడు. తెగిన పోగులు. తేదీ. తెగిన పోగులు. తేదీ. ఆవిడ చాలాసేపు చూసింది.

"మూడుసార్లు చెప్పావా నాయనా?" అంది తమ్ముడితో.

"మూడుసార్లు చెప్పానమ్మా."

"మూడోసారి చెప్పాక నేను ఆ లిఫ్టు ఎన్ని రోజులు ఎక్కాను?"

"ఇరవై తొమ్మిది రోజులు."

ఆవిడ రెండు చేతులతో చక్రాలు పట్టుకుంది. అలవాటు లేని చేతులు. ఒక చక్రం తిరిగితే ఒకటి తిరగలేదు. సాయానికి అక్క ఒక అడుగు ముందుకి వేస్తే, వద్దన్నట్టు తలూపింది. ఎవరూ కదలని ఆ గదిలో కుర్చీని అంగుళం అంగుళంగా తనే తిప్పుకుని, కంపెనీ పెద్దమనిషికి సరిగ్గా ఎదురుగా ఆపింది.

"నాకు తొందరేం లేదు బాబూ," అంది. "కూచునే ఉంటాను. ఒక్కో రోజుకీ ఒక్కో కారణం చెప్పు. మొదటి రోజు నుంచి మొదలుపెట్టు."