లోట్ నది ఒడ్డున నాలుగో రోజు

వీసా చేతికొచ్చేదాకా మనిషికి వీసమెత్తు శాంతి ఉండదు. ఈ మాట ఇంట్లో అన్నప్పుడు మా ఆవిడ సుభద్ర నవ్వలేదు. ఇరవై ఆరేళ్లుగా నా మాటల విరుపులన్నిటికీ ఆమె దగ్గరున్న విరుగుడు అదే.

మేం ఢిల్లీ వసంత్ కుంజ్‌లో ఉంటాం. నా ఆఫీసు గురుగ్రామ్‌లో. మే నెలలో ఫ్రాన్స్ వెళ్లాలని ఇద్దరం కలిసి నిర్ణయించుకున్నాం, అంటే నేను నిర్ణయించాను, ఆమె కలిసింది. ఏడు రోజులూ ప్యారిస్‌లోనే. మా ఆఫీసులో సగం మంది వాట్సాప్ ఫోటోల్లో ఐఫిల్ టవర్ కొసను రెండు వేళ్ల మధ్య పట్టుకుని ఉంటారు, నస్యం పట్టు పట్టినట్టు. నా వేళ్లు రెండూ పదేళ్లుగా ఖాళీగా ఉన్నాయి.

వీసా పనికి జనక్‌పురిలో హేమసుందర్ అని ఒక ఏజెంటు దొరికాడు. హైదరాబాద్ మనిషి.

"అన్నా, ప్యారిస్ హోటళ్లు ఇప్పుడే తీసుకుంటే, వీసా రాకుంటే పరేషాన్. నేను పల్లెటూళ్లల్ల రూములు బుక్ చేస్త. ఎప్పుడంటే అప్పుడు కాన్సిల్ కొట్టొచ్చు. వీసా వచ్చినంక అవి తీసేసి మీ ప్యారిస్‌కు మీరు పోండి. అందరికీ గిట్లనే చేస్త" అన్నాడు.

"ఆ పల్లెటూళ్ల గురించి ఎవరైనా అడిగితే?"

"అందుకే రోజువారీ ప్లాను ఇస్తున్న. మీరు, వదిన బట్టీ కొట్టుండ్రి."

మూడు కాగితాలు. ఫ్రాన్స్ దక్షిణాన ఒక నది లోయ, ఆ లోయలో ఏడు రోజులు. పాత చర్చిలు, పాత వంతెనలు, ఏటి పక్కన నడక, పడవ షికారు. నది పేరు లోట్.

"లోట్ అంట సుభద్రా. ఢిల్లీలో నీకున్న లోటు అదే కదా" అన్నాను.

ఆమె నవ్వలేదు గానీ కాగితాలు నా చేతిలోంచి తీసేసుకుంది.

సుభద్రది శ్రీకాకుళం. వాళ్ల పెరటి గుమ్మం దాటి నాలుగడుగులు వేస్తే నాగావళి. బడికి వెళ్లేముందు కాళ్లు ఏట్లో పెట్టి, తడి కాళ్లతోనే జోళ్లు తొడుక్కునేదట. పెళ్లయి ఢిల్లీ వచ్చిన కొన్నేళ్లకు మెట్రోలో యమున దాటుతుంటే చూద్దామని సీట్లోంచి లేచి నిలబడింది. కింద నీళ్ల మీద తెల్లటి నురగ. మళ్లీ కూర్చుంది. ఆ తర్వాత నదుల ప్రస్తావన మా ఇంట్లో రాలేదు. మిగతా అన్నిటి మీదా చర్చలు జరిగేవి. చర్చి మాత్రం ఇప్పుడే వచ్చింది.

జనవరి ఆదివారాలు పొద్దున్నే మెహ్రౌలీ శిథిలాల పార్కుకి నడకకు వెళ్లేవాళ్లం. అక్కడే మా బట్టీ. పొగమంచులో కుతుబ్ మీనార్ ఉండేది కాదు. దగ్గర్లో ఉన్న గోడ ఉండేది, దాని అవతల ఏమీ ఉండేది కాదు. పైన విమానం చప్పుడు వినిపించేది, విమానం ఉండేది కాదు. అలాంటి చోట ఫ్రాన్స్ ఉన్నా ఎవరూ కాదనరు.

"మొదటి రోజు?" అని నేను అడిగేవాణ్ణి.

"కాహోర్. నది మీద పాత వంతెన, మూడు బురుజులు."

"రెండు?"

"సెయింట్ సిర్ లపోపీ. కొండ అంచుకి వేలాడతన్నట్టుంటాది ఊరు. కిందన నది పక్కనే కొండరాయి తొలిచి దారేశారు. పడవల్ని తాళ్లతో లాక్కెళ్లినోళ్లు నడిచిన దారి."

"మూడో రోజు కనూ పడవ. చెప్తున్నా, కనూ నడిపేవాణ్ణి నేను కాను."

"మిమ్మల్నెవరు నడపమన్నారండి? కదలకుండా కూకుంటే అదే చాలు."

నాలుగో రోజు దగ్గరికొచ్చేసరికి ఆమె నడక నెమ్మదించేది. ఒక ఎర్రరాతి గోడ ముందు ఆగి, చలికి ముడుచుకున్న అరచెయ్యి తెరిచి దానికి ఆనించేది.

"ఎస్పాలియోన్. ఊరి బయట పెర్స్ చర్చి. ఎర్రరాయి. తొమ్మిది వందల ఏళ్లు. గోడనే పైకి లేపి నాలుగు కిటికీలు పెట్టి గంటలు కట్టారు. ఇలాటి రాయే అయ్యుంటాది, కదండి?"

"గంటకో గంటా, గంటకి నాలుగు గంటలా?"

"ఏటండి మీరు. ఆ చర్చి ఏ సాధువు పేరనుకున్నారు? తల తెగ్గొడితే, తల చేత్తో పట్టుకుని ఊట దగ్గరికి నడిచెళ్లి కడుక్కున్నాడంట."

"తలకు మించిన పని."

"తల లేకపోయినా నీళ్ల దగ్గరికే ఎళ్లాడు" అంది, నా మాట వినిపించుకోకుండా.

ఈ వివరం హేమసుందర్ కాగితాల్లో లేదు. గోడకు నాలుగు కిటికీలని కూడా లేదు. నేను ఒక్క పేజీ బట్టీ పట్టేలోపు ఆమె ఆ ఊళ్లో కాపురం పెట్టేసినట్టుంది. చివరికి ఆ పార్కులోనే ఉన్న పాత రాళ్ల బావి మెట్ల మీద కూర్చునేవాళ్లం. అడుగున పచ్చటి నీళ్లు. మంచు మెట్టు మెట్టుగా కిందికి దిగేది. చెట్లలో ఎక్కడో నెమలి అరిచేది. కాపలావాడి విజిల్ గోడల మీద తిరిగి తిరిగి వచ్చి చివరికి గంటలాగా వినిపించేది. ఒకసారి నాకు నిజంగానే కింద నీళ్లు కదిలి ఎటో వెళ్లిపోతున్నట్టు అనిపించింది. ఈ సంగతి ఆమెకు చెప్పలేదు. నాక్కూడా పరువుంది.

ఫిబ్రవరిలో వీసా ఆఫీసుకి వెళ్లాం. కౌంటర్లో అమ్మాయి మా కాగితాలు తిరగేస్తూ హిందీలో మామూలుగా అడిగింది, ఫ్రాన్స్ దేనికని.

"ఐఫిల్ టవర్" అన్నాను.

నెల రోజుల బట్టీ ఒక్క మాటలో గాలికిపోయింది. ఆ అమ్మాయి కాగితాలు చూసింది, నన్ను చూసింది. మా ఏడు రోజుల్లో టవర్ కాదు గదా, సెల్ టవర్ కూడా లేదు.

"ఆయనకి టవర్లంటే ఇష్టం" అంది సుభద్ర, శ్రీకాకుళం యాస కలిసిన హిందీలో. "మేం వెళ్లేది చర్చిలు చూడ్డానికి." మొదలుపెట్టింది. వంతెన, కొండరాతి దారి, ఎర్రరాయి, నాలుగు గంటలు, తల పట్టుకుని నడిచిన సాధువు. పక్క కౌంటరు ముందున్న సర్దార్జీ కూడా తన సంతకం ఆపి విన్నాడు.

"అచ్ఛా" అంది ఆ అమ్మాయి. "ఆ ఊట ఇంకా ఉందా ఆంటీ?"

"చూసొచ్చి చెప్తాను."

వినడానికి అది మామూలు మాటే. కానీ అప్పజెప్పేవాళ్ల గొంతు అలా ఉండదు. నాకు తెలుసు, ఎందుకంటే అప్పజెప్పాల్సింది నేను.

మూడు వారాల్లో వీసాలు వచ్చాయి. హేమసుందర్ ఫోన్ చేశాడు. "అన్నా, శుక్రవారం సాయంత్రం దాకనే కాన్సిలేషన్. లింకులు మీ మెయిల్‌కే వచ్చినయ్. మూడు బుకింగులూ కొట్టేయండి."

సుభద్రకు చెప్పాను. "తీసేయండి. అలాగే కదా అనుకున్నాం" అంది. మూడు కాగితాలూ మడతపెట్టి వంటింటి సొరుగులో గ్యాస్ పుస్తకం కింద పెట్టింది. ఆమె ఇంకొక్క మాట అనుంటే నేను వాదించేవాణ్ణి. వాదించి ఉంటే గెలిచేవాణ్ణి కూడా.

శుక్రవారం ఆఫీసు క్యాబ్‌లో ఇంటికొస్తూ ఫోన్ తెరిచాను. కాహోర్ కొట్టేశాను. సెయింట్ సిర్ కొట్టేశాను. మూడోది ఎస్పాలియోన్‌లో ఒక సత్రం, నాలుగు రాత్రులు. దాని కోసం వెతుకుతుంటే అదే సత్రం నుంచి ఇంకో ఉత్తరం కనిపించింది. ఇంట్లో ట్యాబ్ మీద ఉన్నదీ నా మెయిలే. సుభద్ర దాంట్లోంచి సత్రం యజమానురాలికి ఏదో రాసింది, ఆవిడ జవాబిచ్చింది. ఇద్దరిదీ ఇంగ్లీషే, ఇద్దరిదీ అంతంతమాత్రమే.

సుభద్ర అడిగింది ఇది: "యాభై ఏళ్ల మనిషి నదిలో కాళ్లు పెట్టుకోడానికి అక్కడ చోటు ఉంటుందా? మేం రావడం కుదరకపోవచ్చు. ఊరికే తెలుసుకుందామని."

ఆవిడ జవాబు: "ఉంది మేడం. పాత వంతెన దగ్గర, తోళ్లు కడిగేవాళ్ల ఇళ్ల కింద, నీళ్లలోకి దిగే రాళ్లున్నాయి. మే నెలలో నీళ్లు బాగా చల్లన. మీరు వస్తే టవల్ నేనిస్తాను."

ఢిల్లీ సరిహద్దు దగ్గర బండ్లన్నీ ఆగిపోయాయి. మా చుట్టూ హారన్లు మోగుతున్నాయి. నేను సుభద్ర రాసిన ఆ మూడు వాక్యాలూ మళ్లీ మళ్లీ చదువుకున్నాను. అడిగిన మనిషి నా పక్క గదిలో కూర్చుని నన్ను కాకుండా, ఏడు సముద్రాల అవతలి మనిషిని అడిగింది.

హేమసుందర్‌కి ఫోన్ చేసి, మూడోది తియ్యడం లేదు, అక్కడికే వెళ్తున్నాం అన్నాను.

"నిజంగనా అన్నా? ఇప్పటిదాంక ఎవ్వరూ పోలే" అన్నాడు. ఆ వెంటనే, "ఆ ఊరు అసలు ఉన్నదో లేదోనని నాకే డౌటు" అన్నాడు.

ఇంటికెళ్లి ఏమీ చెప్పలేదు. ఆదివారం పొద్దున్న నడకకు లేపాను.

"వీసాలొచ్చేశాయి కదా, ఇంకా బట్టీ ఏటండి?" అంది, కానీ శాలువా కప్పుకుంది.

మంచు పోయే రోజులు. కుతుబ్ మీనార్ నడుము దాకా కనిపిస్తోంది. బావి మెట్ల మీద కూర్చున్నాక, "నాలుగో రోజు చెప్పు" అన్నాను.

"తీసేశారు కదా."

"ఒకటీ రెండూ తీసేశాను. నాలుగు చెప్పు."

నా మొహంలోకి చూసి, కిందున్న నీళ్ల వైపు తిరిగింది. "ఎస్పాలియోన్. పెర్స్ చర్చి. ఎర్రరాయి. నాలుగు గంటలు."

"తర్వాత?"

"తర్వాతేం లేదు. ప్లానులో అంతే రాశారు."

"తర్వాత పాత వంతెన దగ్గరికి వెళ్తాం. నీళ్లలోకి రాళ్లుంటాయి. టవల్ ఆవిడిస్తుంది. ఒకటి చాలదు, రెండు పెట్టమని నిన్న రాశాను."

సుభద్ర తన కాళ్ల వైపు చూసుకుంది.

"మరి మీ టవరో?" అంది.

"టవల్ ఇస్తానంటుంటే టవర్ దేనికి?"

సుభద్ర నవ్వింది. పెద్దగా కాదు, శాలువా కొంగు అడ్డం పెట్టుకుని. తర్వాత వంగి ఒక జోడు విప్పింది, రెండోది విప్పింది. రెండూ పక్కన పెట్టి, చల్లటి మెట్టు మీద కాలివేళ్లు ఒక్కొక్కటిగా విప్పుకుంటూ కూర్చుంది.